బోర్లించిన చెంబు

నాలుక అంగిటికి అతుక్కుపోతోంది, అయినా భీమమ్మకు ఆ దాహం మీద కోపం రావడం లేదు. నిన్న పొద్దుగూకిన దగ్గర నుంచి గింజ గానీ చుక్క గానీ లోపలికి పోలేదు, ఇంకో గంటకు కాబోలు మత్తుగదికి తీసుకుపోతారు, అంతవరకు ఇట్లాగే ఎండిన నోటితో పడుకోవాలి. నీ కడుపు ఖాళీగా ఉందా అని నిన్నటి నుంచి ముగ్గురు అడిగారు, కరువుకాలంలో కూడా తనను ఎవరూ ఇన్నిసార్లు అడగలేదు, అనుకుని పగిలిన పెదవులతోనే నవ్వుకుంది. ఎర్రగుట్ట దవాఖాన ఆడవాళ్ల గదిలో ఆరు మంచాలు, ఆమెది కిటికీ పక్కది, పెంకుల సందులోంచి దిగిన ఎండ పొట్ట మీద పడుతోంది, రెండేళ్లుగా పెరిగిన గడ్డ మీద, ఏడు నెలల చూలాలి పొట్టలాంటి పొట్ట మీద. ఈ వయసులో నెల తప్పినవా భీమక్కా అని కలుపు తీసేకాడ ఆడవాళ్లు నవ్వేవారు, ఆమె కూడా నవ్వేది, నవ్వి నవ్వి ఒకనాడు చేనిగట్టు మీద కూలబడితే పెనిమిటి తిమ్మప్ప బండి కట్టి ఇక్కడికి తోలుకొచ్చాడు. చెల్లెలు బండికి అడ్డం పడింది. కొడుకును మింగిన దవాఖానకు మళ్లీ పోతవా, నీకు బుద్ధి ఉన్నదా అక్కా, హైదరాబాద్ పోరాదు, కర్నూలు పోరాదు, అంది. బుద్ధి ఉంది కనుకనే వచ్చానని ఆ పిల్లకు ఎట్లా చెప్పడం, అది చెప్పాలంటే ఏడేళ్లు వెనక్కి పోవాలి, తెల్లదొరల యుద్ధం మొదలైన ఏటికి, కొడుకు సాయన్న నవ్వుతూ ఇదే గదుల మధ్య నడిచిపోయిన పొద్దుటికి.

సాయన్నకు అప్పుడు ఇరవై ఏళ్లు. బావి తవ్వే కాడ పెద్ద బండ ఎత్తితే గజ్జల్లోకి పేగు దిగింది, పడుకుంటే లోపలికి పోయేది, నిలబడితే మళ్లీ దిగేది, చిన్న కోత, వారం రోజుల్లో ఇంటికి పోతాడు అన్నారు. దవాఖాన వెనక మూడు రాళ్లు పెట్టి ఆమె జొన్న అంబలి కాచింది, ఊరి నుంచి కుండలో తెచ్చిన సల్ల కలిపింది, ఉప్పురాయి వేసి వేలితో తిప్పింది. మంచం మీద వాడు ఒక గిన్నె తాగాడు, మీసాలకు అంటింది. ఇంకింత పొయ్యే అమ్మా, లోపలికి వొయ్యినంక ఎప్పుడు పెడ్తరో ఏమో, అన్నాడు. ఇంకో గిన్నె పోసింది. కొంగుతో మూతి తుడిచింది, సిగ్గుపడి తల పక్కకు తిప్పుకున్నాడు, అవతలి మంచం మీద ఎవరో చూస్తున్నారని. ఎంత కమ్మగా కుదిరింది ఆ పూట అంబలి, పులుపు సరిగ్గా సరిపోయింది, అదే ఆమెను తర్వాత ఎక్కువ కోసింది, అంత బాగా కుదరకపోతే రెండో గిన్నె అడిగేవాడు కాదేమో, అడుగంటి ఉంటే, పొయ్యి మండకపోయి ఉంటే, ఆ పొద్దు వానొచ్చి ఉంటే. మత్తులో ఉండగా కడుపులోని అంబలి పైకి తన్నుకొచ్చి ఊపిరికి అడ్డం పడింది. అంతే. కోత పెట్టనే లేదు. నడిచిపోయిన పిల్లవాడిని గుడ్డ కప్పి తెచ్చారు.

మత్తుమందు ఇచ్చే ముందు కడుపులో ఏమీ ఉండకూడదని ఆమెకు తెల్వదు. ఎవరూ చెప్పలేదు. తెలిసినవాళ్లకు తెలుసు, తెలియని ఒక్క మనిషి చేతిలో గిన్నె ఉంది. ఆ మధ్యాహ్నం డాక్టరు ప్రభుదాసు వరండాలో ఆమె పక్కన నేల మీద కూర్చుని ఏదో చెబుతూనే ఉన్నాడు, ఆమె చెవిలోకి ఒక్క మాట పోలేదు. ఊరికి పోయాక అందరికీ తెలిసింది, బండి దిగకముందే తెలిసింది. తల్లి తాపిన అంబలేనంట. ఎవరూ ఎదురుగా అనలేదు, కానీ బావి కాడ ఆమె కుండ ముంచుతుంటే మాటలు ఆగిపోయేవి. అది కూడా ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది తిమ్మప్ప తీరు. ఒక్క మాట అనలేదు, చెయ్యి ఎత్తలేదు, ఆమె పెట్టిన కూడు మాత్రం ముట్టలేదు. ముద్ద చేసి పెడితే లేచి చెప్పులు వేసుకుని తన అక్క ఇంటికి పోయేవాడు, అక్కడ తిని చీకటి పడ్డాక వచ్చి గోడవైపు తిరిగి పడుకునేవాడు. పది రోజులు. ఇరవై రెండేళ్లు తన చేతి కూడు తిన్న మనిషి. ఆమె వండేది, కుండ మీద మూత పెట్టేది, తెల్లారి ఎద్దుకు పోసేది, మళ్లీ వండేది. బావిని చూసినప్పుడల్లా లోతు ఎంతో అనుకునేది.

పన్నెండో నాడు ప్రభుదాసు సైకిల్ మీద వచ్చాడు. ఎర్రగుట్ట నుంచి నల్లరేగడిపల్లెకు ఎనిమిది మైళ్లు, ఆ బాటలో బండికే కష్టం, చివరి రెండు మైళ్లు సైకిల్‌ను నడిపించుకుంటూ వచ్చి ఉంటాడు, మోకాళ్ల దాకా దుమ్ము. గొంగడి పరిస్తే కూర్చున్నాడు. మంచినీళ్లు ఇచ్చిన ఆమె చేతిని చూశాడు, తర్వాత, పెద్దలను పిలిపించండి, నలుగురిలో చెప్పాలి, అన్నాడు. వచ్చారు. ఇప్పటికీ ఆ గొంతు ఆమె చెవిలో ఉంది, దాహంతో ఈ మంచం మీద పడుకుని ఉంటే ఇంకా బాగా వినిపిస్తోంది, మెల్లగా, దాచుకోకుండా చెప్పాడు. "రేపు పిల్లగానికి ఏం పెట్టొద్దని ముందునాడు పొద్దుగూకంగ నర్సుకు నేనే చెప్పిన. ఆమె బుక్కుల రాసి ఇంటికి వొయ్యింది. రాత్రి ఉన్నామె బుక్కు సూసి, తెల్లారి వచ్చేటామె చెప్తదిలే అనుకున్నది. తెల్లారి వచ్చినామె, రాత్రి ఉన్నామె చెప్పే ఉంటది అనుకున్నది. మత్తిచ్చే ముందర ఏమన్న తిన్నడా అని నేను కంపౌండరును అడిగిన, ఏం తినలె సార్ అన్నడు, వాని తల్లిని అడగకుండనే అన్నడు. నేనన్నా బయటికి వచ్చి తల్లిని అడిగితే అయిపోతుండె. అడగలె. తప్పు మాది."

పెద్దల్లో ఒకాయన, ఇట్ల నలుగురిల చెప్తె నీ కొలువుకే మోసం గద సారూ, అన్నాడు. గోడకు ఆనుకుని నిలబడ్డ తిమ్మప్ప అప్పుడు నోరు తెరిచాడు, పది రోజులకు మొదటిసారి నలుగురి ముందు. "అయితే సారూ, ఈమె తాపిన అంబలి..." అని ఆగిపోయాడు. "అంబలిల తప్పేమున్నదయ్యా," అన్నాడు డాక్టరు, "ఆకలైన బిడ్డకు తల్లి పోసింది. నేనయిన పోస్తుంటి." ఆ మాటకు భీమమ్మ తలుపు చాటున కూలబడింది. ఏడుపు కాదు అది, మోస్తున్న మూట ఎవరో వెనక నుంచి పట్టుకుని దించినట్టు. ఆ పూట తిమ్మప్ప చెప్పులు వేసుకోలేదు. దీపం ముందు కూర్చుని, ఆమె ముఖం చూడకుండా, బువ్వ పెట్టు, అన్నాడు. పెట్టింది. తిన్నాడు. సగం తిన్నాక ఏడ్చాడు, ఏడుస్తూ తిన్నాడు. ఇద్దరి మధ్య ఆ రోజు నుంచి ఈ రోజు వరకు ఆ పది రోజుల మాట రాలేదు, రావలసిన పని లేదు. ఈ ఏడేళ్లు తన ఇంట్లో తను మనిషిగా బతికింది, ఆ ఎనిమిది మైళ్ల దుమ్ము బాట పుణ్యాన. కొడుకు ప్రాణం పోయిన చోటే తనకు నమ్మకం ఎందుకు కలిగిందో చెల్లెలికి ఎట్లా చెప్పాలి? మిగిలిన దవాఖానల్లో కూడా తప్పులు జరుగుతూ ఉంటాయి, మనిషి చేసే పని గదా, కానీ వచ్చి చెప్పినవాడు ఈయన ఒక్కడే, ఇంకెక్కడికి పోతుంది తను?

పోయేముందు ఇంకో మాట అడిగాడు ఆయన, సైకిల్ పట్టుకుని నిలబడి. "భీమమ్మా, ఏం చేసి ఉంటే నీకు తెలుస్తుండె?" తనను అడుగుతున్నాడని ఆమెకు అర్థం కావడానికి కాసేపు పట్టింది, డాక్టరు కూలిదాన్ని అడగడమేంది. మాకు సదువు రాదు సారూ, మీరు బుక్కుల రాసుకుంటే మాకేం ఎరుక, అంది. తర్వాత, కడిగి వాకిట్లో బోర్లించిన కుండల వైపు చూస్తూ, ఆలోచించి కాదు, చూపు పోయిన చోటికి మాట పోయింది, అంతే, "మంచం కాడ చెంబు బోర్లిచ్చి పెట్టున్రి. బోర్లిచ్చిన చెంబుల నీళ్లుండయని గుడ్డోనికి గూడ తెలుస్తది," అంది. ఆయన తల ఊపాడు. నెల తర్వాత సాయన్న బట్టలమూట తెచ్చుకోవడానికి వస్తే, కోత ఉన్నవాళ్ల మంచం పక్కన స్టూలు మీద చెంబు బోర్లించి, దానికి తెల్లగుడ్డ చుట్టి ఉంది. అది ఒక్కటే కాదు. పని దిగిపోయే నర్సు, పనెక్కే నర్సు ఇద్దరూ ఒక్కో మంచం కాడ నిలబడి, రోగి వినేట్టు, రోగి వెంట వచ్చినవాళ్లు వినేట్టు తెలుగులో గట్టిగా చెప్పుకుంటున్నారు, చెప్పాక మీరు చెప్పున్రి సూద్దాం అని వాళ్ల నోటితో చెప్పిస్తున్నారు. ఈ పొద్దు తెల్లవారగానే తన మంచం కాడ కూడా అంతే. నర్సు బాలమణి వచ్చి నిలబడింది, రాత్రి ఉన్నామె చెప్పింది, భీమమ్మ, నల్లరేగడిపల్లె, పెనిమిటి తిమ్మప్ప, కడుపుల గడ్డ, రాత్రి నుంచి ఏం లోపలికి వోలె. తిమ్మప్ప చేతులు కట్టుకుని బడిపిల్లవాడిలా అప్పజెప్పాడు, నీళ్లు ఇయ్యద్దు, బువ్వ పెట్టద్దు, ఎంత బతిలాడినా ఇయ్యద్దు. చివరిది సొంతంగా కలిపాడు. బాలమణి నవ్వింది.

ఎండ పొట్ట మీద నుంచి మోకాళ్ల మీదికి జరిగింది. తిమ్మప్ప ముఖం కడుక్కోవడానికి బయటికి పోయాడు. పక్క మంచం మీద పిల్ల మూలుగుతోంది, ఎనిమిదేళ్లు ఉంటాయేమో, కాలి ఎముకలో చీము, మొన్న తిమ్మాజిపేట వైపు నుంచి తండ్రి ఎత్తుకొచ్చాడు, తన తర్వాత ఈ పిల్లదే కోత, తెల్లారి ఆ తండ్రి కూడా తడబడుతూ అప్పజెప్పాడు పాపం, నీళ్లు ఇయ్య, బువ్వ పెట్ట. ఇప్పుడు మంచం కాడ తండ్రి లేడు, ఎవరో ఆడమనిషి, దుమ్ము కొట్టుకున్న జుట్టు, రాత్రంతా బండిలో వచ్చిన ముఖం, పిల్లను చూసి ముద్దులు పెట్టుకుంటోంది, తల వాసన చూస్తోంది, తల్లే అయి ఉంటుంది, తల్లి కాకపోతే అట్లా వాసన చూడదు. అమ్మా ఆకలైతుందే, అంటోంది పిల్ల. ఆ మాట భీమమ్మ చెవిన పడి లోపలికి ఎక్కడికో పోయింది, తిరిగి రావడానికి కాస్త ఆలస్యమైంది, ఈలోగా ఆ తల్లి స్టూలు మీది చెంబుకు చుట్టిన గుడ్డ విప్పింది, చెంబు తిప్పింది, గది మూలనున్న కుండలోని నీళ్లు ముంచింది, సద్దిమూట విప్పి రొట్టె తుంచి గిన్నెలో సల్లలో నానేస్తోంది. వద్దు. వద్దు అని అరిచాననుకుంది భీమమ్మ, గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు, నాలుక కట్టెలా ఉంది, రాత్రి నుంచి తనను కాపాడుతున్న దాహమే ఇప్పుడు గొంతు పట్టుకుంది. పొట్టను ఒక చేత్తో పట్టుకుని కాళ్లు కిందికి వేసింది, గచ్చు చల్లగా తగిలింది, రెండడుగులు, మూడు, ఆ రెండు మంచాల మధ్య అంత దూరం ఎప్పుడు వచ్చింది, పిల్ల నోరు కదులుతోంది, ఒక ముద్ద పోయింది, రెండోది తల్లి వేళ్ల మధ్య ఉంది. భీమమ్మ గిన్నె మీద అరచెయ్యి పెట్టింది.

"ఎవరివే నువ్వు, నా బిడ్డ నోటికాడి కూడు గుంజనీకి!" అని ఆ తల్లి చెయ్యి తోసింది. పార్వతమ్మ అని ఆమె పేరు, తర్వాత తెలిసింది.

"పెట్టకక్కా," అంది భీమమ్మ, మాట ఈసారి వచ్చింది, గరగరమంటూ. "మత్తిస్తరు పిల్లకు. కడుపుల కూడుంటే ఊపిరికి అడ్డం పడ్తది."

"నాకెవరు చెప్పలె."

"అవు. నాకు గూడ ఎవరు చెప్పలె," అని మంచం పట్టె పట్టుకుని నిలబడింది. ఏడేళ్లుగా తన నోటితో ఎవరికీ చెప్పని మాట, చెల్లెలికీ చెప్పని మాట, ముక్కూ మొహం తెలియని మనిషి ముందు తేలిగ్గా వచ్చేసింది. "నాకు ఇరవై ఏండ్ల కొడుకుండె. ఈడ్నే. ఆకలైతుందంటే అంబలి నేనే తాపిన. రెండు గిన్నెలు. మళ్ల లేవలె."

పార్వతమ్మ చెయ్యి గాల్లో ఆగిపోయింది. గిన్నెను చూసింది, పిల్లను చూసింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అప్పుడే బాలమణి అడుగుల చప్పుడు, తట్టలో గాజు సీసాలు ఒకదానికొకటి తగులుతున్న చప్పుడు, పార్వతమ్మ గబగబా గిన్నె మంచం కిందికి తోసింది, పిల్ల మూతి తుడిచింది. ఆ కళ్లలో భయం భీమమ్మకు తెలుసు, తిన్నదంటే ఇంటికి పంపుతారేమో, తిడతారేమో, ఇంత దూరం వచ్చింది వృథా అవుతుందేమో. ఏం తినలె సార్ అన్న కంపౌండరుది కూడా ఇదే భయమేమో, ఇన్నేళ్లకు మొదటిసారి వాని మీద జాలి కలిగింది ఆమెకు. "దాయకక్కా," అంది మెల్లగా, పార్వతమ్మ మోచెయ్యి పట్టుకుని. "ఉన్నదున్నట్టు చెప్పు. ఈళ్లు తిట్టరు. నేను చెప్తున్న గద, తిట్టరు."

"ఒక్క ముద్ద పెట్టిన అమ్మా," అంది పార్వతమ్మ ఏడుస్తూ. "నీళ్లు గూడ, జరన్ని. తెల్వక పెట్టిన."

బాలమణి తట్ట కింద పెట్టింది. నిలబెట్టిన చెంబును చూసింది, సద్దిమూటను చూసింది, తిట్టలేదు. "అయ్యకు చెప్పినం, అమ్మ వస్తదని అనుకోలె. తప్పు మాది," అంది, అదే మాట, ఏడేళ్ల కింద గొంగడి మీద కూర్చుని చెప్పిన మాట బాలమణి నోట్లోకి ఎట్లా వచ్చింది, ఈ నర్సు అప్పటికి ఇక్కడ లేనే లేదు, ఎవరు నేర్పారు, ఎవరో ఒకరు నేర్పితేనే గదా వస్తుంది. బాలమణి లోపలికి పోయి డాక్టరును తోలుకొచ్చింది. ప్రభుదాసు జుట్టు తెల్లబడింది, కంటి అద్దాలు వచ్చాయి. ఎప్పుడు పెట్టావు, ఎంత పెట్టావు అని పార్వతమ్మను అడిగి, చెప్పింది మంచిదైందమ్మా అన్నాడు, పిల్లది రేపు పొద్దున చేద్దాం అన్నాడు, ఇకమీద కొత్తగా వచ్చిన ప్రతి మనిషికీ మళ్లీ చెప్పాలని బాలమణితో అన్నాడు. తర్వాత నిలబడి ఉన్న భీమమ్మను చూశాడు. నువ్వెందుకు లేచినవు అని అడగలేదు. చెయ్యి పట్టి మంచం దాకా నడిపించాడు.

లోపల గది తెల్లగా ఉంది, సాయన్న కళ్లకు కూడా ఇట్లాగే తెల్లగా కనిపించి ఉంటుంది, ఈ ఇనప బల్ల చల్లదనం వాడి వీపుకు కూడా తగిలి ఉంటుంది, భయపడ్డాడా, నవ్వాడా, అని ఇన్నేళ్లు అనుకున్నది, ఇప్పుడు తెలిసింది, అంత భయం వెయ్యదు, చుట్టూ మనుషులే ఉన్నారు. ఆ ఒక్క సంగతి తెలిసినందుకైనా ఇక్కడికి వచ్చింది మంచిదే. ప్రభుదాసు వంగి, తనే అడిగాడు, పక్కవాళ్లను కాదు. "భీమమ్మా, రాత్రి నుంచి నోట్ల ఏమన్న వడ్డదా?"

"లేదు సారూ. ఉమ్మి గూడ మింగలె."

మత్తుగుడ్డ ముఖం మీదికి వచ్చింది, తియ్యగా, ఘాటుగా, మాగిపోయిన పండు వాసన. ఆయనకు చెప్పాల్సింది ఒకటి ఉంది, ఏడేళ్లుగా చెప్పలేదు, ఆ రోజు నువ్వు రాకపోయి ఉంటే నేను బావిలో ఉందును సారూ అని, ఎప్పుడూ దండం పెట్టి ఊరుకుంది, దండంలో అంత మాట పడుతుందా, లేచాక చెప్పాలి, తప్పకుండా చెప్పాలి, అంకెలు లెక్కపెట్టమంటున్నారు, తనకు ఇరవై దాకా వచ్చు, ఇరవై చాలు.

పదకొండు కూడా చేరలేదని తర్వాత బాలమణి చెప్పింది. గడ్డ మంచిదే, చెడ్డది కాదు, గుమ్మడికాయంత ఉంది, తిమ్మప్పకు చూపిస్తే ఆయన బయటికి పోయి వేపచెట్టు కింద కూలబడ్డాడట. డాక్టరు చూడడానికి వచ్చినప్పుడు, కుట్లు సలుపుతున్నా, భీమమ్మ ఆ బావి మాట చెప్పింది. ప్రభుదాసు కంటి అద్దాలు తీసి తుడుచుకుని, "నేను వచ్చిందే మంచిదైంది," అని మాత్రం అని పక్క మంచానికి పోయాడు.

మరునాడు పొద్దున ఆ పిల్లను తీసుకుపోయారు. పార్వతమ్మ గోడకు చేరగిలబడి, ఎవరు పలకరించినా, ఏం పెట్టలె, నీళ్లు గూడ ఇయ్యలె, అని అడగకముందే చెబుతోంది. మధ్యాహ్నం దాటాక పిల్లను తెచ్చి పడుకోబెట్టారు, కాలికి ఇంత లావు కట్టు. భీమమ్మ కళ్లు మూసుకోలేదు. ఆ చిన్న ఛాతీ లేచి పడడం లెక్కపెడుతూ ఉండిపోయింది, ఇరవై అయ్యాక మళ్లీ ఒకటి నుంచి. ఎండ వాలే వేళకు పిల్ల కదిలింది, పెదవులు చప్పరించింది, ఒక్కసారిగా గుక్కపట్టి ఏడ్చింది, గది దద్దరిల్లేట్టు. పార్వతమ్మ బాలమణి దగ్గరికి పరుగెత్తింది. "ఇప్పుడు పెట్టొచ్చునా? ఎంత పెట్టాలె? నాకు చెప్పు, ఆయనకు గాదు, నాకు చెప్పు!" బాలమణి చెప్పింది, పార్వతమ్మ వేళ్లు మడిచి రెండుసార్లు అప్పజెప్పింది, అంతటితో ఊరుకోక మొగుణ్ణి రెక్క పట్టి లాగి, విన్నవా, నువ్వు గూడ చెప్పు, అంది.

భీమమ్మకు నవ్వొచ్చింది. కుట్లు చురుక్కుమన్నాయి, పొట్ట పట్టుకుంది, కళ్లలో నీళ్లు తిరిగాయి. తిమ్మప్ప గాభరాగా మంచం మీదికి వంగాడు. "ఏమైందే? నొస్తున్నదా? నర్సమ్మను పిలువాల్నా?"

"ఏం గాలె," అంది ఆమె. "ఆ పిల్లకు ఆకలైతుందంట."